పీట్‌లో వచ్చిన పూల మొక్కలు మన కుండీల్లో ఎందుకు వాడిపోతున్నాయి? (విజయనగరం)

మేడమీద_మొక్కలు (విజయనగరం)
నమస్తే అండీ. మాది కంటోన్మెంట్ వైపు. మేడ మీద మందారాలు, కనకాంబరాలు, నందివర్ధనం ఏళ్ల తరబడి పెంచుతున్నాను, వాటితో ఏ గొడవా లేదు. ఈ డిసెంబరులో పెటూనియాలు, జెర్బెరాలు, కుండీ చామంతులు కొన్నాను. నల్ల ప్లాస్టిక్ కప్పుల్లో వచ్చాయి. వాటిలో మట్టన్నదే లేదు, ముదురు గోధుమ రంగులో మెత్తగా, తేలిగ్గా ఏదో పొడి ఉంది. అమ్మినతను "పీట్ అండి, ఫారిన్ సరుకు, విరగబూస్తాయి" అన్నాడు. వేర్లు కదలకూడదు కదా అని ఆ ముద్దని అలాగే తీసి, ఎర్రమట్టి, గెత్తం (చివికిన పశువుల ఎరువు) కలిపిన పది అంగుళాల కుండీల్లో పెట్టాను.

రోజూ నీళ్లు పోస్తున్నాను, పైన వేలు పెడితే తడిగానే ఉంటోంది, అయినా పదకొండయ్యేసరికి ఆకులు వేలాడేస్తున్నాయి. పెటూనియా కొత్త ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. జెర్బెరా ఒకటి మొదలు దగ్గర నల్లబడి పోయింది. చామంతి మొగ్గలు విచ్చుకోకుండా ఎండిపోతున్నాయి. మా ఆయన "ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి" అంటారు. మా అత్తగారేమో "నీళ్లతో చంపేస్తున్నావు" అంటారు. ఇద్దరిలో ఎవరు కరెక్టో కూడా చెప్పండి, ఇంట్లో అదే పెద్ద టెన్షన్.

కనకాంబరం_అప్ప (అరసవల్లి)
ఆ పొడి అంతా కడిగేసి మన ఎర్రమట్టిలో పెట్టమ్మా. ఆ పొట్టులో బలం ఏటుంటాది? మా అమ్మ కాలం నుంచీ చామంతి అంటే ఎర్రమట్టి, గెత్తం, కాస్త బూడిద, అంతే.

నర్సరీ_బాబాయ్ (నెల్లిమర్ల)
అప్పా, వేర్లు కడగమని మాత్రం చెప్పకండి. మొగ్గ మీదున్న మొక్క వేర్లు కడిగితే మరి లేవదు.

మేడమీద అమ్మా, ఇక్కడ కూర్చుని ఊహించి చెబితే లాభం లేదు. వాడిపోతున్న పెటూనియా ఒకదాన్ని జాగ్రత్తగా పైకి తీసి, కప్పులోంచి వచ్చిన ఆ పాత ముద్ద నడిమికి వేలు దూర్చి చూడు. బయటి మట్టి కాదు, లోపలి ముద్ద. నల్లబడిన జెర్బెరాని కూడా అలాగే తీసి వాసన చూడు. తర్వాత మాట్లాడుకుందాం.

మేడమీద_మొక్కలు (విజయనగరం)
చూశాను బాబాయ్ గారూ. నమ్మలేకపోతున్నాను. పెటూనియా చుట్టూ మట్టి తడిగా జిగురుగా ఉంది, లోపలి ముద్ద మాత్రం ఎండు పొడి! దాని మీద చెంచాతో నీళ్లు పోస్తే లోపలికి ఇంకకుండా పక్కకి జారిపోయాయి. చామంతీ అంతే. జెర్బెరా ముద్ద మాత్రం పూర్తిగా తడిసి, మురుగు వాసన వస్తోంది, వేర్లు గోధుమ రంగులో మెత్తబడి చేతికి ఊడి వస్తున్నాయి.

నర్సరీ_బాబాయ్ (నెల్లిమర్ల)
అయితే మీ ఇంట్లో ఇద్దరూ కరెక్టే. పెటూనియా విషయంలో మీ ఆయన, జెర్బెరా విషయంలో మీ అత్తగారు. గొడవ తీరిపోయింది.

ఇప్పుడు సంగతి చెబుతాను. అసలైన పీట్ మాస్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. తడిగా ఉన్నంతకాలం తన బరువుకి పది పన్నెండు రెట్ల నీళ్లు పట్టుకుంటుంది, కానీ ఒక్కసారి పూర్తిగా ఎండిందా, ఇక నీటిని దగ్గరకి రానివ్వదు. పైగా ఎండినప్పుడు ముడుచుకుపోయి చుట్టూ సందు వదులుతుంది, మనం పోసిన నీళ్లు ఆ సందులోంచి కిందకి పోతాయి. కుండీ కింద నీళ్లు కారడం చూసి మనం తడిసిందనుకుంటాం. చుట్టూ బంకమట్టి పాలు ఎక్కువున్న ఎర్రమట్టి ఉంటే ఇంకా కష్టం, ఆ మట్టి నీటిని గట్టిగా పట్టుకుంటుంది, ఎండిన పీట్ దాని దగ్గర్నుంచి లాక్కోలేదు. మొక్కకేమో వేర్లన్నీ ఇంకా ఆ ముద్దలోనే ఉన్నాయి, కొత్త మట్టిలోకి రాలేదు. చుట్టూ నీళ్లుండగానే దాహంతో చస్తోంది.

ఇప్పుడు చేయాల్సింది: బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, మొక్క ముద్దతో సహా అందులో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచు. చన్నీళ్ల కంటే గోరువెచ్చని నీళ్లకి పీట్ తొందరగా లొంగుతుంది. బాగా మొండికేస్తే బకెట్‌కి ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బునీళ్లు వేయొచ్చు, అంతకు మించి వద్దు. తర్వాత ముద్ద పక్కల్ని వేళ్లతో నాలుగు చోట్ల కొంచెం విప్పి, మళ్లీ ఆ ఎర్రమట్టిలోనే కాకుండా, తేలికపాటి మిక్సులో పెట్టు. మిక్సు ఏమిటో కింద రాస్తాను, ముందు మాస్టారిని రానివ్వండి, ఆయనకి ఈ టాపిక్ అంటే ప్రాణం.

మట్టి_మాస్టారు (శ్రీకాకుళం)
వచ్చాను బాబూ. ముప్పై ఏళ్లు పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని, పిలిస్తే ఆగుతానా.

ముందు ఇది ఏ సరుకో తేల్చాలి. మన దగ్గర గోధుమ రంగు పొడి ఏదైనా 'పీట్' అని అమ్మేస్తారు. అసలు పీట్ మాస్ అంటే స్ఫాగ్నమ్ అనే నాచు చలిదేశాల బురద నేలల్లో గాలి తగలక, పూర్తిగా కుళ్లక, పొరలు పొరలుగా పేరుకున్నది. కెనడా, ఐర్లాండ్, లాత్వియా, లిథువేనియా, ఎస్టోనియా నుంచి వస్తుంది. కోకోపీట్ మన కొబ్బరి డొక్క నుంచి పీచు తీశాక మిగిలే పొట్టు. చూడటానికి అన్నదమ్ములే గానీ గుణాలు వేరు. అమ్మాయి చెప్పిన లక్షణం, అంటే ఎండాక నీళ్లు జారిపోవడం, పీట్ మాస్‌ది. కోకోపీట్ ఎండినా మళ్లీ సులువుగా తడుస్తుంది.

పూల మొక్కలకి పీట్ అంటే ప్రపంచమంతా ఎందుకు పడి చస్తారంటే, బలం వల్ల కాదు. అప్ప గారు అన్నది అక్షరాలా నిజం, అందులో బలం దాదాపు సున్నా. దాని గొప్పతనమంతా ఖాళీలో ఉంది. మామూలు మట్టిలో సగం గట్టి పదార్థం, సగం ఖాళీ. పీట్‌లో 85 నుంచి 95 శాతం ఖాళీయే. ఆ ఖాళీల్లో చిన్నవి నీటిని పట్టుకుంటాయి, పెద్దవి నీళ్లు కారిపోయాక గాలితో నిండుతాయి. వేరు కూడా ఊపిరి తీసుకుంటుందని మనం మర్చిపోతాం. పొలంలో మట్టి లోతు ఉంటుంది, నీరు కిందకి దిగిపోతుంది. కుండీలో జానెడు లోతే కదా, నీరు దిగడానికి చోటెక్కడ? అందుకే పొలంలో బంగారంలా పండే ఎర్రమట్టి కుండీలో ఊపిరాడనివ్వదు. పీట్‌లో సన్నటి వేర్లు దండిగా వస్తాయి, అందుకే మొక్క గుబురుగా లేచి తొందరగా మొగ్గ తొడుగుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1930లలోనే ఇంగ్లండ్‌లో జాన్ ఇన్నెస్ అనే మొక్కల పరిశోధన సంస్థవాళ్లు కుండీల కోసం ఏడు పాళ్లు మట్టి, మూడు పాళ్లు పీట్, రెండు పాళ్లు ఇసుక అని లెక్క కట్టారు. 1960లలో అమెరికా కార్నెల్ యూనివర్సిటీవాళ్లు మట్టి పూర్తిగా తీసేసి సగం పీట్, సగం వర్మిక్యులైట్ లేదా పెర్లైట్ (వేడికి పొంగించిన తేలికపాటి ఖనిజాల పలుకులు) అన్నారు. ఇవాళ్టి కప్పు మొక్కల వ్యాపారమంతా ఆ రెండో దారిలో పుట్టిందే. తేలిగ్గా ఉంటుంది, లారీలో ఎక్కువ పడతాయి, ఎక్కడ తయారైనా ఒకే రకంగా ఉంటుంది. అక్కడ షెడ్డులో గంట కొట్టినట్టు నీళ్లూ, ఎరువూ పైపులో వస్తాయి. మన మేడ మీదకి వచ్చాక ఆ రెండూ ఆగిపోతాయి. అసలు తేడా అక్కడ వస్తోంది.

ఉద్దానం_కుర్రోడు (కవిటి)
మాస్టారూ, బాబాయ్ గారూ, ఒక డౌటు. మా వైపు పీచు మిల్లుల దగ్గర ఈ కొబ్బరి పొట్టు కొండలా పడి ఉంటాది. అడిగితే ఊరికే ఇస్తారు, ట్రాక్టరు మనదైతే చాలు. మరి అదే పొట్టుని నొక్కి ఇటుకలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే, ఇటుక ఇటుకకీ డబ్బులు పెట్టి కొనడం ఏటి? మా వీధిలో ఒకాయన కొత్త పొట్టు నేరుగా కుండీల్లో నింపి బంతి నారు పెడితే ఆకుల అంచులు మాడిపోయాయి, ఎదుగూ లేదూ బొదుగూ లేదు. అందరూ ఏమో కోకోపీట్ బంగారం అంటారు. మా పొట్టులో లోపం ఏటి?

నర్సరీ_బాబాయ్ (నెల్లిమర్ల)
లోపం లేదు తమ్ముడూ, ఉప్పు ఉంది. సముద్రం పక్క కొబ్బరి కదా, డొక్కలో పొటాషియం, సోడియం, క్లోరైడ్ సహజంగానే ఎక్కువ. పైగా కొత్త పొట్టులోంచి ఎర్రటి కషాయం దిగుతుంది చూశావా, అది టానిన్. లేత వేరుకి రెండూ పడవు. అంచులు మాడటం ఉప్పు గుర్తు.

మిల్లు దగ్గర కుప్పలో పైన ఉన్న కొత్త సరుకు తేకు. రెండు వానాకాలాలు చూసిన పాత కుప్ప అడుగు, నల్లగా మారి ఉంటుంది, వాన నీళ్లకే సగం ఉప్పు పోయి ఉంటుంది. దాన్ని కూడా గోనెసంచిలో వేసి మంచినీళ్లతో దిగిన నీళ్ల రంగు తేలేదాకా కడుగు. నేనైతే టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) పెట్టి చూస్తాను, వాటర్ ఫిల్టర్ కుర్రాళ్ల దగ్గర ఉండేదే. కడిగి దిగిన నీళ్ల రీడింగు, మనం పోసిన నీళ్ల రీడింగుకి కాస్త ఎగువన ఉంటే చాలు.

ఇటుకలు కొనేవాళ్లకి: కవరు మీద 'లో ఈసీ' (అంటే ఉప్పు తక్కువ) లేదా 'వాష్డ్' (కడిగినది) అని ఉంటేనే తీసుకోండి. ఐదు కిలోల దిమ్మ నానితే డెబ్బై లీటర్ల దాకా అవుతుంది, ఇంట్లో వాడకానికి ఒకటి చాలా రోజులొస్తుంది.

మట్టి_మాస్టారు (శ్రీకాకుళం)
దీనికో చిన్న తోక కలపాలి. కడిగితే నీళ్లలో తేలికగా కరిగే ఉప్పు పోతుంది గానీ, పొట్టు రేణువులని అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియం మొత్తం పోవు. తర్వాత మనం ఎరువులో కాల్షియం ఇస్తే పొట్టు దాన్ని లాక్కుని సోడియంని వదులుతుంది. ఎరువు మొక్కకి వేశామనుకుంటాం, తినేది పొట్టు. అందుకే పెద్ద నర్సరీలవాళ్లు కడిగాక కాల్షియం నైట్రేట్ ద్రావణంలో ఒక రాత్రి నానబెట్టి, మళ్లీ ఒకసారి కడుగుతారు. దాన్నే బఫరింగ్ అంటారు, కవరు మీద 'బఫర్డ్' అని ఉంటుంది. పీట్ మాస్‌కి ఈ తలనొప్పి లేదు. దాని తలనొప్పి పులుపు. దాని పీహెచ్ (పులుపు కొలత, 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు) 3.5 నుంచి 4.5 దాకా ఉంటుంది, సున్నం కలపకుండా వాడితే చాలా పూల మొక్కలు తట్టుకోలేవు. కంపెనీ మిక్సుల్లో డోలమైట్ సున్నం ముందే కలిపి 5.5–6.5కి తెస్తారు. విడిగా పీట్ బేలు కొనేవాళ్లు అది చూసుకోవాలి.

కుర్రోడికి ఇంకో దారి ఉంది. పచ్చి పొట్టులో కార్బన్ పాలు ఎక్కువ, నత్రజని తక్కువ, నిష్పత్తి వందకి ఒకటి పైనే. కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మొక్కకి పోవాల్సిన నత్రజనిని తినేస్తాయి, అప్పుడు కింది ముదురాకులు పసుపు తిరుగుతాయి. టన్ను పొట్టుకి ఐదు కిలోల యూరియా, ముత్యపు చిప్ప పుట్టగొడుగుల విత్తనం పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా నీడలో నెలరోజులు ఉంచితే నల్లటి కంపోస్టు అవుతుంది. కొబ్బరి పీచు పరిశ్రమని చూసే కేంద్ర ప్రభుత్వ కాయర్ బోర్డు ఏళ్లుగా చెబుతున్న పద్ధతే ఇది. మన ఉద్దానంలో ఇంత పొట్టు రోడ్డు పక్కన పడి ఉంటే, విజయనగరంలో లాత్వియా నాచు కొంటున్నాం. నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఎచ్చెర్ల_ఇంజినీర్
చిన్న విషయం. ఇంత చర్చ అక్కర్లేదు. కుండీ అడుగున రెండు అంగుళాలు కంకర లేదా పెంకు ముక్కలు వేస్తే నీళ్లు దిగిపోతాయి. జెర్బెరా కుళ్లడానికి కారణం అదే, డ్రైనేజీ లేదు. మా నాన్నగారు ఎప్పుడూ అలాగే చేసేవారు.

మట్టి_మాస్టారు (శ్రీకాకుళం)
ఇంజినీరు గారూ, మీరే ఇలా అంటే ఎలాగండీ. రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకు ముక్క బోర్లించడం వేరు, కంకర పొర వేయడం వేరు. సన్న పదార్థం కింద ముతక పదార్థం ఉంటే నీళ్లు వెంటనే కిందకి దిగవు, పై పొర పూర్తిగా నిండి పొంగితేనే దిగుతాయి. ఏ కుండీలోనైనా అడుగున కొంత ఎత్తు వరకు నీరు నిలిచే ఉంటుంది, రంధ్రం ఎంత పెద్దదైనా సరే. మీరు కంకర వేస్తే ఆ తడి పొర కంకర మీదకి, అంటే వేర్లకి ఇంకా దగ్గరగా ఎక్కుతుంది.

ఇంట్లో స్పాంజి ఉంటే చూడండి. బాగా తడిపి, పళ్లెంలా అడ్డంగా పట్టుకోండి, నీళ్లు కారడం ఆగాక అలాగే నిలువుగా తిప్పండి, మళ్లీ బోలెడు నీళ్లు కారతాయి. స్పాంజి అదే, నీళ్లు అవే, మారింది ఎత్తు మాత్రమే. కుండీ లోతుగా ఉంటే పైన గాలి ఆడే చోటు ఎక్కువ, వెడల్పుగా పొట్టిగా ఉంటే మొత్తం తడే. పీట్ గానీ పొట్టు గానీ సన్న పొడి అయిపోతే ఈ తడి పొర ఇంకా ఎత్తుకి పోతుంది. కొనేటప్పుడు పిండిలా ఉన్న సరుకు వద్దు, పీచు తగిలే సరుకు తీసుకోండి.

ఎచ్చెర్ల_ఇంజినీర్
స్పాంజి చూశాను. ఒప్పుకుంటున్నాను. నాన్నగారికి మాత్రం చెప్పను.

నర్సరీ_బాబాయ్ (నెల్లిమర్ల)
జెర్బెరా గురించి ఒక్క మాట మిగిలింది. దాని మొదలు, ఆకులన్నీ బయల్దేరే ఆ గుండె భాగం, మట్టి మట్టానికి పైన ఉండాలి. అందరూ చేసేదేమిటంటే మొక్క ఒరిగిపోకుండా గుండె దాకా మట్టి కప్పుతారు. పైనుంచి నీళ్లు పోస్తే అక్కడ నిలిచి మూడు రోజుల్లో నల్లబడుతుంది. ముద్ద కాస్త పైకి తేలేలా నాటు, నీళ్లు అంచు వెంబడి పొయ్యి. కుళ్లిన దాన్ని మట్టితో సహా తీసి పారేయి, ఆ మిక్సు మళ్లీ వేరే కుండీలో కలపకు.

మేడమీద_మొక్కలు (విజయనగరం)
బాబాయ్ గారూ, పెటూనియాలు బకెట్‌లో ముంచాను, చాలాసేపు బుడగలు వచ్చాయి, నిజంగానే. చామంతులు కూడా అదే పని. మరి ఆ పసుపు ఆకుల సంగతి? మా అత్తగారు యూరియా వేయమంటున్నారు.

మట్టి_మాస్టారు (శ్రీకాకుళం)
యూరియా ఆపమ్మా. ముదురాకులు పసుపు తిరిగితే నత్రజని అనుకోవచ్చు. కొత్త ఆకులు పసుపు, ఈనెలు ఆకుపచ్చ అంటే ఇనుము అందట్లేదని. ఒక ప్రశ్న, మీరు పోసేది బోరు నీళ్లేనా? బకెట్ల అంచున తెల్లటి చార కడుతుందా?

మేడమీద_మొక్కలు (విజయనగరం)
బోరే మాస్టారూ. బకెట్లే కాదు, గీజరు కూడా ఏడాదికోసారి బాగు చేయించాలి.

మట్టి_మాస్టారు (శ్రీకాకుళం)
అదీ సంగతి. ఆ నీళ్లలో బైకార్బనేట్లు, అంటే పులుపుని విరిచే లవణాలు, ఎక్కువ. రోజూ పోస్తుంటే కుండీలో పీహెచ్ మెల్లగా పైకి పాకుతుంది. ఎర్రమట్టిలో ఇనుము దండిగా ఉంటుంది, ఆ ఎరుపే ఇనుముది, కానీ పీహెచ్ పెరిగితే అది వేరుకి అందే రూపంలో ఉండదు. పెటూనియా, పాన్సీ, స్నాప్‌డ్రాగన్ ఇలాంటివి ఇనుము లాక్కోవడంలో చేతకానివి, వాటికి 5.5–6 మధ్య ఉంటే సుఖం. బంతి, జెరేనియం దీనికి పూర్తిగా ఉల్టా. పుల్లటి పీట్‌లో పెడితే అవి ఇనుముని అవసరానికి మించి తాగేసి, కింది ఆకుల మీద గోధుమ మచ్చలు తెచ్చుకుంటాయి, వాటికి 6 పైన ఉండాలి. ఒకే మిక్సులో బంతీ పెటూనియా పక్కపక్కన పెట్టి, ఒకటి బాగుండి ఇంకోటి పాడైతే జబ్బనుకుంటారు.

ఇప్పటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఇచ్చేది) లీటరుకి రెండు గ్రాములు, చిటికెడు నిమ్మఉప్పు కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద సన్నగా కొట్టు. పువ్వుల మీద పడనీయకు, మచ్చ పడుతుంది. పొలాలకి చెప్పే డోసు ఇంకా ఎక్కువ, పెటూనియా ఆకు అంత తట్టుకోదు. వాన నీళ్లు పట్టే వీలుంటే ఈ మొక్కలకి అవే పొయ్యి.

టెక్కలి_టు_డబ్లిన్
ఆలస్యంగా చూశాను. మా ఊరివాళ్లు పీట్ గురించి మాట్లాడుకుంటుంటే నేనిక్కడ పీట్ దేశంలో కూర్చుని ఉన్నాను.

ఇక్కడ మధ్య ఐర్లాండ్‌లో బాగ్‌లు అంటారు, నల్లటి బురద నేలలు, కనుచూపు మేర చెట్టు ఉండదు. మిషన్లతో గీకి, ఎండబెట్టి, కుప్పలు పోసేవారు, చాలా ఇళ్లలో చలికాలం పొయ్యిలో కాల్చేది కూడా అదే. నాచు పీట్‌గా మారి ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పేరుకుంటుంది. అంటే మీటరు లోతు తవ్వారంటే వెయ్యేళ్ల పని తీసేసినట్టు. ప్రపంచం భూభాగంలో ఈ నేలలు మూడు శాతమే, కానీ వాటిలో ఉన్న కార్బన్ అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ. నీళ్లు తీసేసి ఎండబెట్టగానే గాలి తగిలి అదంతా కార్బన్ డయాక్సైడ్ అయి పోతుంది. ఇక్కడ బోర్డ్ నా మోనా అనే ప్రభుత్వ సంస్థ పీట్ తవ్వకం పూర్తిగా ఆపేస్తున్నట్టు 2021 జనవరిలో ప్రకటించింది. ఇంగ్లండ్‌లో ఇళ్ల తోటలకి పీట్ సంచుల అమ్మకం 2024కల్లా ఆపుతామని 2022లో ప్రభుత్వం చెప్పింది, గడువైతే చట్టం లేకుండానే దాటిపోయింది.

షాపులో 'పీట్ ఫ్రీ' సంచి తిప్పి చూస్తే చెక్క పీచు, కుళ్లిన బెరడు, కొబ్బరి పొట్టు. పొట్టు ఇటుక మీద ఇండియా, లేకపోతే శ్రీలంక. మా కవిటి, సోంపేట కొబ్బరి తోటలు గుర్తొచ్చి ఒకటి కొన్నాను, అవసరం లేకపోయినా.

ఎచ్చెర్ల_ఇంజినీర్
ఇందులో నాకు రెండో అభిప్రాయం ఉంది. మేడమీద గారి నాలుగు కప్పుల పీట్ వల్ల భూమి వేడెక్కదు. వాళ్లు దశాబ్దాల తరబడి పొయ్యిల్లో, పవర్ ప్లాంట్లలో కాల్చి ఇప్పుడు కుండీల వాళ్లకి నీతులు చెప్పడం బాగోదు.

టెక్కలి_టు_డబ్లిన్
అన్నా, కాల్చింది ఎక్కువ అనే మాట నిజమే, కాదనను. కానీ నాలుగు కప్పులు కాదు కదా, ఆ కప్పులు లక్షల్లో తయారవుతాయి. మొక్క కొనొద్దని ఎవరూ అనట్లేదు, వచ్చిన ముద్ద ఎలాగూ వచ్చింది. మళ్లీ కుండీ నింపడానికి పీట్ బేలు కొనకండి అంటున్నా, పక్కూళ్లో పొట్టు ఉండగా.

నర్సరీ_బాబాయ్ (నెల్లిమర్ల)
నా లెక్క వేరు. పీట్‌లో నారు బాగా వస్తుంది, అబద్ధం ఎందుకు. సన్న గింజలు, పెటూనియా లాంటివి, ట్రేలో మొలకెత్తించాలంటే ఇప్పటికీ దాని తర్వాతే ఏదైనా. కానీ మన ఎండల్లో ఏప్రిల్ వచ్చేసరికి ఒక్క పూట మరిచామంటే మొత్తం ట్రే నీళ్లు పట్టదు. పొట్టు అలా కాదు, మరిచినా మన్నిస్తుంది. ధర కూడా చాలా తేడా. నేను కుండీలకి పొట్టే వాడతాను.

నా మిక్సు, పాళ్లల్లో చెబుతాను, బరువుల్లో కాదు: కడిగిన కొబ్బరి పొట్టు నాలుగు, బాగా చివికిన గెత్తం లేదా వర్మీకంపోస్టు రెండు, ముతక ఇసుక ఒకటి, రైస్ మిల్లు ఊక ఒకటి, జల్లించిన ఎర్రమట్టి రెండు. ఎర్రమట్టి మొత్తం తీసేయను, అది ఉంటే కుండీకి బరువు ఉంటుంది, మేడ మీద గాలికి పడిపోదు, సూక్ష్మపోషకాలూ కొంత ఉంటాయి. ఇసుక నాగావళి ఇసుకలో ముతకది, మేస్త్రీలు జల్లెడ పట్టాక మిగిలేది, సన్న ఇసుక వేస్తే ఉన్న ఖాళీలు కూడా పూడిపోతాయి. ఊక పచ్చిదే వెయ్యి, మిల్లు బూడిద వద్దు, మీ బోరు నీళ్లకి తోడు అది కూడా క్షారమే. వేపపిండి కుండీకి గుప్పెడు. జెర్బెరాకి మట్టి ఇంకా తగ్గించి ఇసుక, ఊక పెంచు.

అరసవల్లి అప్పా, మీ ఎర్రమట్టి, గెత్తం నేల మీద మళ్లలో చామంతికి ఇవాళ్టికీ తిరుగులేదు. కుండీ అయితేనే ఈ తంతు.

కనకాంబరం_అప్ప (అరసవల్లి)
అదీ అలా చెప్పు. నేను మళ్లలో వేసినవాటి గురించే చెప్పాను. కుండీల్లో ఏటి పెంచుతారు, ఎటూ కాకుండా.

మేడమీద_మొక్కలు (విజయనగరం)
నోట్ చేసుకున్నాను. నీళ్లు ఎప్పుడు పోయాలో మాత్రం ఇంకా అంతుపట్టలేదు. వేలు పెట్టి చూడటం పనికిరాదని తేలిపోయింది కదా.

నర్సరీ_బాబాయ్ (నెల్లిమర్ల)
చేత్తో ఎత్తి చూడు. నీళ్లు నిండుగా పోసి కారడం ఆగాక ఒకసారి ఎత్తి బరువు గుర్తుపెట్టుకో. ఎర్రమట్టి నింపిన కుండీ తడిసినా ఎండినా బరువుగానే ఉంటుంది, తేడా అంతగా తెలీదు, పొట్టు కుండీ మాత్రం ఎండితే దూది. పొట్టుకి ఇంకో మోసం ఉంది, పైన లేత రంగుకి తిరిగి ఎండినట్టు కనిపిస్తుంది, అంగుళం లోపల తడి ఉంటుంది. పైన చూసి పోస్తే అత్తగారి మాట నిజమవుతుంది. బరువు సగం తగ్గినట్టనిపిస్తే పొయ్యి, పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పొయ్యి, అరగ్లాసు చొప్పున రోజూ పోస్తే ఉప్పు లోపలే పేరుకుంటుంది. ట్రేలో నిలిచిన నీళ్లు పారబొయ్యి, లేకపోతే చిన్న నల్ల ఈగలు గుడ్లు పెడతాయి, వాటి పురుగులు లేత వేర్లు కొరుకుతాయి.

ఎరువు సంగతి. మిక్సులో గెత్తం ఉన్నా పూల మొక్కలకి సరిపోదు. 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకి ఒక గ్రాము, వారానికోసారి, తడి మిక్సులో మాత్రమే. మొగ్గలు మొదలయ్యాక పొటాష్ ఎక్కువుండే 13:0:45కి మారు. నెలకోసారి ఉత్త నీళ్లు ధారాళంగా పోసి కడిగెయ్యి. కుండీ చామంతికి ఇప్పుడున్న మొగ్గల్లో ఎండినవి గిల్లేసి, మిగతావి ఉంచు.

ఉద్దానం_కుర్రోడు (కవిటి)
బాబాయ్ గారూ, మా మిల్లు వెనక పాత కుప్ప ఉందంట, నల్లగా, పైన గడ్డి కూడా మొలిచింది. తుపాను గాలులకి కూలిన చెట్ల డొక్కలప్పటిది అంటున్నారు, తిత్లీది అయ్యుంటాది, 2018. అంత పాతది పనికొస్తాదా, లేక చివికిపోయి మట్టి అయిపోయి ఉంటాదా?

మట్టి_మాస్టారు (శ్రీకాకుళం)
పొట్టులో లిగ్నిన్, అంటే చెక్కకి గట్టిదనం ఇచ్చే పదార్థం, ఎక్కువ, అంత తొందరగా చివకదు. గుప్పెట్లో తీసుకుని తడిపి పిండు. నీళ్లు కారి, విప్పగానే మళ్లీ పొంగితే బాగున్నట్టు. బురదలా వేళ్ల సందుల్లోంచి జారితే ఖాళీలన్నీ పోయినట్టు, అప్పుడు మళ్లలో వేసుకో, కుండీకి వద్దు. గడ్డి మొలిచిందంటే ఉప్పు లేదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి. పైన జానెడు తీసేసి లోపలిది తవ్వు, కలుపు గింజలు రాకుండా.

ఉద్దానం_కుర్రోడు (కవిటి)
పొంగింది మాస్టారూ. నీళ్లు కూడా లేత టీ రంగే వచ్చాయి. ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఆదివారం మా మావయ్య వ్యాను ఖాళీగా విజయనగరం వెళ్తోంది, ఆరేడు గోనెసంచులు పడతాయి. డబ్బులొద్దు, సంచులు మాత్రం వెనక్కి ఇవ్వాలి.

మేడమీద_మొక్కలు (విజయనగరం)
తమ్ముడూ, నాకు రెండు. కడగడానికి మా ఆయన ఉన్నారు.

ఎచ్చెర్ల_ఇంజినీర్
దారిలోనే కదా, ఎచ్చెర్ల హైవే మీద ఒకటి దించమను. కంకర బస్తా ఒకటి ఉంది నా దగ్గర, కావాలంటే అది ఎక్కించి పంపుతాను.

నర్సరీ_బాబాయ్ (నెల్లిమర్ల)
నాకు మిగిలినవన్నీ. కంకర కూడా పంపండి ఇంజినీరు గారూ, షెడ్డు ముందు దారి బురదగా ఉంది.